పొగగొట్టం లేని రైస్ మిల్లు

ఉద్యోగంలో చివరి ఏడాది, వానలు ముదిరాక, నన్ను కామారెడ్డిలోని ఒక రైల్వే శిక్షణ కేంద్రానికి వేశారు. హోదా సీనియర్ సెక్షన్ ఇంజినీర్. పని మాత్రం బొమ్మ మిల్లు కట్టించడం. వ్యాగన్లను మిల్లు గోడ దాకా తీసుకెళ్లే పక్క పట్టాలను సైడింగ్ అంటాం. కొత్త సిబ్బందికి వాటి మీద వ్యాగన్లు నడిపే పని బల్ల మీదే నేర్పాలని పైవాళ్లు చిన్న రైలు తెప్పించారు. దానితోపాటు ఒక డబ్బాలో, ముక్కలు అతికించి కట్టే రైస్ మిల్లు కిట్టు వచ్చింది. సర్వీసంతా గోదాములు కట్టించిన నాకు చివరికి దక్కిన గోడలు అరచేతిలో పట్టేవి.

అతికించే పని టెక్నీషియన్ లింగానిది. రోజూ ఎల్లారెడ్డి నుంచి బస్సులో వచ్చేవాడు. భార్యకు ఏడో నెల. మంచం దిగొద్దని డాక్టర్ చెప్పింది. నస్రుల్లాబాద్‌లోని తల్లిగారింటికి పంపుదామంటే ప్రయాణమే వద్దంది. పగలు పక్కింటి అవ్వ చూసుకునేది, రాత్రికి లింగం ఉండక తప్పదు. అప్పటికే అతనికి దూరపు స్టేషనుకు బదిలీ అయింది. మిల్లు పూర్తికాగానే రిలీవ్ చేయమని, అంటే ఇక్కడి నుంచి వదిలేయమని, మా ఆఫీసరు ఆదేశం.

కిట్టు పనికి ఒక వరుస ఉంది. ముక్కలను చట్రం నుంచి కోసి, అంచులు గరుకు కాగితంతో రుద్ది, జిగురు లేకుండా ఒకసారి నిలబెట్టి చూడాలి. రంగు ఆరాకే అతకాలి. లింగం ఈ వరుస ఎక్కడా తప్పలేదు. రుద్దిందే మళ్లీ రుద్దేవాడు. ముసురుకు రంగు ఆరలేదనేవాడు. నాకు విషయం తెలియక కాదు. ఆఫీసరు ఫోన్ చేసినప్పుడల్లా పని మిగిలి ఉందని చెప్పేవాణ్ణి. చెప్పీ చెప్పీ ప్రాణం విసిగింది.

దసరాకల్లా పొగగొట్టం ఒక్కటే మిగిలింది. ఇక సాకులు లేవనుకున్నాను. ఆయుధపూజనాడు అందరం సుత్తులకూ రంపాలకూ బొట్లు పెట్టాం. సెలవు తరువాత వచ్చి చూస్తే మిల్లు గోడకూ కుంకుమ బొట్టు. తడిగా పెట్టింది, రంగులోకి ఇంకిపోయింది. తుడిస్తే ఇంకా పరుచుకుంది.

“ఏంది లింగం ఇది?” అన్నాను.

“మిల్లంటే మిల్లే గద సార్. పెట్టకుంటే మంచిగుండదని పెట్టిన. ఇగ గోడంత మల్ల రంగెయ్యాలె.”

అలవాటుకొద్దీ పెట్టాడో, తెలిసే పెట్టాడో అడగలేదు. అడిగితే జవాబు వినాల్సి వచ్చేది. ఆఫీసరుకు ఫోన్‌లో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన నా వయసు కూడా చూడకుండా మాట్లాడాడు. పోయే ముందు ఈ మాటలు కూడా పడాలా అని ఏడుపొచ్చింది.

దీపావళి దాటాక ఒక పొద్దున లింగం ఆలస్యంగా వచ్చాడు. సంచి కింద పెట్టి నేరుగా బల్ల దగ్గరికి వెళ్లి, పొగగొట్టానికి జిగురు రాసి నిలబెట్టాడు. అది గట్టిపడేదాకా వేలితో పట్టుకునే ఉన్నాడు.

“ఆడపిల్ల సార్. ఇద్దరు మంచిగున్నరు. దవాఖాన నుంచి తల్లిగారింటికే తోలుతున్న. ఇగ అయిపోయిందని చెప్పుండ్రి.”

చెప్పాను. కొద్దిరోజులకే అతను బదిలీ మీద వెళ్లిపోయాడు. తనిఖీకి వచ్చిన ఆఫీసరు మిల్లును ఒక్క చూపు చూసి, ఇంతదానికి ఇన్నాళ్లా అన్నాడు.

మిగిలిన సర్వీసులో పని నిలిపినవాళ్లకు మెమోలు రాయకపోలేదు. కాకపోతే, రాసేముందు ఇంట్లో ఎలా ఉన్నారని అడిగేవాణ్ణి.