పొరనాగుకు బలం లెక్కగట్టిన రోజులు

పోయిన ఆదివారం పొద్దున చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చుంటే, మా మరిది కూతురు హైదరాబాదు నుంచి ఫోనులో ఒక డ్రాగన్ బొమ్మ పంపింది. నీలిరంగు రెక్కలు, వెన్ను పొడుగునా మంచుముళ్లు, కళ్లలో దీపం పెట్టినట్టు వెలుగు, గీసింది కూడా తనేనట. బొమ్మ కింద దాని ప్రాణమెంత, దెబ్బ ఎంత, ఊపిరి ఎంత దూరం పోతుంది అన్న అంకెలన్నీ రాసి, పెద్దమ్మా, కంప్యూటరేమో బలం సరిగ్గా సరిపోయిందంటోంది, ఆటలో మా వాళ్లేమో దాన్ని చిటికెలో చంపేశారు, ఎక్కడ తప్పిందో చెప్పు అని అడిగింది. జవాబు చెప్పడానికి నాకు గంట పట్టింది, అందులో సగం దాని డ్రాగన్ గురించి కాదు.

మన ఈడు వాళ్లకు ఆట అంటే అష్టాచెమ్మా, పచ్చీసు, మహా అయితే క్యారంబోర్డు. ఇది అట్లాంటిది కాదు. నలుగురు చుట్టూ కూర్చుంటారు, ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్లు ఆ కథలో మనుషులై తాము ఏం చేస్తారో నోటితో చెబుతారు, చేసింది ఫలించిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. పాచికలంటే మన ఆరుముఖాలవి ఒక్కటే కాదు, ఎనిమిది ముఖాలవి, ఇరవై ముఖాలవి కూడా ఉంటాయి. ఇరవై ఏళ్ల కిందట గోదావరిఖనిలో, కంపెనీ క్వార్టరు ముందుగదిలో, బొగ్గుబాయి మనుషులను కూర్చోబెట్టి ఈ ఆట నేనే ఆడించానంటే మా పిల్లలే నమ్మరు, ఇక మీరు నమ్మకపోతే నేనేమీ అనుకోను.

ఆట తెచ్చింది మా మరిది. అప్పుడతను హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతూ, సెలవులకు వచ్చినప్పుడు జిరాక్సు తీయించిన లావుపాటి పుస్తకమూ, ప్లాస్టిక్ సంచిలో గలగలలాడే పాచికలూ పట్టుకొచ్చాడు. కథ నడపడానికి ఒక మనిషి కావాలన్నాడు. నేను కాలనీ పిల్లలకు లెక్కలు ట్యూషను చెప్పేదాన్ని, పైగా నోరు ఊరుకోదని పేరు, అందుకని ఆ పని నా నెత్తిన పడింది. ఆడేవాళ్లు నలుగురు: మా మరిది, మా ఆయన, బాయిలో పనిచేసి రిటైరైన మా చిన్నమామ, పక్క క్వార్టరు అక్క. ఆ అక్కవాళ్లు కోస్తా నుంచి వచ్చినవాళ్లు, వాళ్లాయన ఆఫీసులో గుమాస్తా. చుక్క ముగ్గు వేస్తే చుక్క తప్పనంత నెమ్మదైన ఆ ఇల్లాలు, ఆటలోకి దిగిందంటే గొడ్డలి తప్ప ఇంకో ఆయుధం ముట్టేది కాదు.

పుస్తకంలో డ్రాగన్లకు కొదవ లేదు కానీ అవన్నీ మంచుకొండల మీద బంగారం పరుచుకుని పడుకునేవి. మా వాళ్లకు అవి ఆనలేదు. సొంతంగా తయారుచెయ్యి వదినె అని మా మరిది అన్నాడు, అనేసి తీరిగ్గా టీ తాగాడు. డ్రాగన్ను పుట్టించడం కష్టం కాదండీ, రెక్కలు ఎన్నంటే అన్ని, తలలు ఎన్నంటే అన్ని. దాని బలం ఆడేవాళ్ల బలానికి తూచినట్టు ఉంచడమే కష్టం. నా మొదటిది గుహలోకి పోయినవాళ్లందరినీ పొయ్యిలో పుల్లల్లా కాల్చేసింది, పక్కింటి అక్క రెండు రోజులు నాతో మాట్లాడలేదు. దానికి భయపడి రెండోదాన్ని మెత్తగా చేస్తే ఆ అక్క గొడ్డలికే పడిపోయింది, ఇది డ్రాగనా తొండనా అని చిన్నమామ అడిగాడు.

మూడోదాన్ని పుస్తకంలో చెప్పిన లెక్క పొల్లుపోకుండా కట్టాను. గుహలో నిద్రపోతున్నది, లోపలికి పోతే లేస్తుంది, లేస్తే ఊదుతుంది. పుస్తకం రాసినవాళ్లు ఎక్కడివాళ్లోగానీ, గుహ కనబడగానే కత్తి దూసి లోపలికి ఉరికే వీరుల కోసం రాశారు. మా వాళ్లు ఉరకలేదు. చిన్నమామ మొట్టమొదట గాలి ఎటునుంచి వస్తున్నదని అడిగాడు. తరువాత కర్రతో పైకప్పు తట్టి చూస్తామన్నారు, బోలుగా మోగిందని నేను నోరు జారాను, అంతే, అడవిలోకి పోయి చెట్లు కొట్టుకొచ్చి కప్పు కూలకుండా గుహ నోటినుంచి వరుసగా కర్ర దిమ్మెలు నిలబెట్టడం మొదలుపెట్టారు. ఆదివారం మధ్యాహ్నమంతా దిమ్మెలకే సరిపోయింది. డ్రాగన్ ఇంకా నిద్రలోనే ఉంది. చివరికి, అది నిప్పు కదా, నిప్పుకు గాలి కావాలి కదా అని, బాయిలో మంటలు లేచినప్పుడు చేసినట్టే, గుహకున్న రెండు దారులకూ ఇటుకా బంకమట్టీ పెట్టి గోడ కట్టేసి బయట కూర్చున్నారు. దీనికి పుస్తకంలో ఏ లెక్కా లేదు. పాచిక ఒక్కసారి కూడా వేయకుండానే నా డ్రాగన్ ఊపిరాడక చచ్చింది. రోజూ ప్రమాదం పక్కన అన్నం తినే మనుషులు ప్రమాదాన్ని ఎట్లా చూస్తారో నాకు మొదటిసారి తెలిసింది ఆ రోజే.

అందరికంటే సంతోషంగా నవ్వింది మా ఆయన. ఆ నవ్వు చూసి నాకు గుండె కలుక్కుమంది.

ఎందుకో చెప్పాలి. ఆ ఏడు ఎండాకాలంలో, బాయిలో పనిచేస్తుండగా పైనుంచి పెద్ద పెళ్ల ఊడి ఆయన భుజం మీద పడింది. తప్పు ఎవరిదీ కాదు, భూమి కడుపులో పని అంటే అంతే. బాయిలో పెద్దవాళ్ల మాట ఒకటుంది, రూఫు చెప్పకుండా పడదని. పడే ముందు పైన సన్నగా చిటపటలాడుతుందట, కింద నిలబెట్టిన కర్ర దిమ్మెలు కిర్రుమంటాయట, ఆ చప్పుడు విని వెనక్కి జరిగినవాడు బతుకుతాడట. దవాఖాన మంచం మీద ఆయన దాని గురించి నాతో అన్నది ఒక్కటే మాట. “అది చెప్పే ఉంటది. నాకే ఇనరాలె.”

ఎముక అతికింది, డాక్టరు డ్యూటీకి పోవచ్చని రాశాడు. ఆయన పొద్దున్నే పోయేవాడు, ల్యాంపు రూములో తలకు పెట్టుకునే దీపం తీసుకునేవాడు, బాయి నోటిదాకా నడిచేవాడు, అక్కడినుంచి తిరిగి ఇంటికి వచ్చేవాడు. భుజం గుంజుతున్నదనేవాడు, నేను సరే అనేదాన్ని. డ్యూటీకి నాగాలు పెరిగాయి. ఇట్లా అయితే ఉద్యోగం నిలవదని పైవాళ్లు కబురు పెట్టారు, ఉద్యోగం పోతే క్వార్టరు పోతుంది, అయినా నన్ను తినేసింది ఆ ఫికర్ కాదు. ఊరంతా ధైర్యానికి పేరు చెప్పుకునే మనిషి, ఇంట్లో నా కళ్లలోకి చూడకుండా అన్నం తినడం నేను భరించలేకపోయాను. ఆటలో కూడా అంతే. ఏ గుహ వచ్చినా, మీరు పోయి రాండ్రి, నేను బయట కావలుంటా అనేవాడు. ఉత్త మాటలతో కట్టిన గుహలోకి కూడా ఆ మనిషి అడుగు పెట్టలేకపోతున్నాడని, గోడ కట్టిన రోజున ఆ నవ్వు చూశాకగానీ నాకు వెలగలేదు.

అప్పుడు మొదలుపెట్టాను పొరనాగును. అది బొగ్గుపొరలోనే పుట్టి అందులోనే తిరిగే డ్రాగన్, ఒళ్లంతా పొరలు పొరలుగా నల్లటి పొలుసులు. ఈసారి గోడ కట్టడానికి వీల్లేదు, ఎందుకంటే దాని వెనక ఇద్దరు పనివాళ్లు చిక్కుకుని ఉన్నారు. లోపల మనిషి ప్రాణంతో ఉండగా బాయి మనిషి ఎవడూ గోడ కట్టడు, పోయి తీరాలి. అంతవరకు బాగానే ఉంది, మరి దాని బలమో? తగ్గిస్తే ఆయనకు తెలిసిపోతుంది. దవాఖాన నుంచి వచ్చిన దగ్గర్నుంచీ జాలి అంటే ఆయనకు కారం చల్లినట్టు ఉండేది, భార్య తన కోసం డ్రాగన్ను కుంటిదాన్ని చేసిందని తెలిస్తే ఇక ఆ ఇంట్లో తలెత్తడు. పెంచితే, ఆటైనా సరే, నువ్వు చచ్చిపోయావు అని ఆయన ముఖం మీద నా నోటితో నేను చెప్పాలి. మా అత్త బతికి ఉంటే ఆ మాటకు నా నోట్లో నిప్పులు పోసేది.

ఆ వారమంతా వంటింట్లో బియ్యం ఉడుకుతుంటే కింద కూర్చుని, రెండు పక్షాలూ నేనే అయి పాచికలు వేసుకున్నాను. ఎట్లా కట్టినా తేడానే. మెత్తగా ఉంటే నాకే సిగ్గేసేది, గట్టిగా ఉంటే ఆయనే పడిపోయేవాడు, పడిపోయినప్పుడల్లా లేచి ముఖం కడుక్కుని వచ్చేదాన్ని. ఒక పూట ఎసరు పొంగి మూత కదులుతున్న చప్పుడుకు చెయ్యి దానంతటదే మూత తీస్తే, అప్పుడు తట్టింది. బలం తగ్గించక్కర్లేదు. చెప్పి ఊదితే చాలు. ఊదే ముందు పొలుసులు ఒకదాని మీద ఒకటి ఒత్తుకుని సన్నగా కిర్రుమంటాయి, విన్నవాడు వెనక్కి జరగొచ్చు, విననివాడికి మాత్రం దెబ్బ పూర్తిగా పడుతుంది. ఇంత చిన్న సంగతితో లెక్కంతా నిలబడింది. ఎన్నో పేజీల పుస్తకానికి దొరకని తూకాన్ని ఆ బాయి ఎన్నడో పట్టుకుని ఉంది.

ఆదివారం వచ్చింది. లోపల ఇద్దరు చిక్కుకున్నారని చెప్పాను. చిన్నమామ మా ఆయన వైపు చూడకుండా దిమ్మెల సంగతి మాత్రం మాట్లాడాడు. మా ఆయన పాచికలను చేతిలో చాలాసేపు తిప్పాడు. “నేను ముందుగల పోత,” అన్నాడు.

లోపలికి పోయారు. పొరనాగు లేచింది, గొడవ మొదలైంది. బాణం ముందా గొడ్డలి ముందా అని పక్కింటి అక్కా మా మరిదీ వాదులాడుకుంటున్నారు, ఆ గోలలోనే నేను గొంతు పెంచకుండా, ఎక్కడో కర్ర ఒత్తుకున్నట్టు కిర్రుమన్నది అని ఒక్కసారే అన్నాను. కావాలనే మెల్లగా అన్నాను. మా ఆయన చెయ్యి లేచింది. “ఆగుండ్రి. అది చెప్తున్నది. అందరు ఎనుకకు రాండ్రి.”

మంట వాళ్ల ముందునుంచి పోయింది. ఆ సందులో ఆయన దాని వెనక్కి పోయి, ఆ ఇద్దరు పనివాళ్లనూ ముందు నడిపిస్తూ వస్తుంటే పొరనాగు తోక విసిరింది. కథ నడిపే మనిషి పాచికను పుస్తకం చాటున వేసుకోవచ్చని మా మరిది ఎప్పుడో చెప్పాడు, అట్లా వేస్తే ఏం పడిందో నాకొక్కదానికే తెలుస్తుంది. నేను అందరి మధ్యా నేల మీద వేశాను. దెబ్బ తగిలింది. తగిలినా ఆయనకు కొన ఊపిరి మిగిలింది. డ్రాగన్ను చంపింది మాత్రం మా ఆయన కాదు, పక్కింటి అక్కే, ఆ గొడ్డలితోనే. అందరూ అరుస్తుంటే మా ఆయన గుహ నోటి దగ్గర నిలబడినట్టే కూర్చుని, వేలితో ఒక్కొక్కరినీ చూపిస్తూ, పోయినవాళ్లంతా వచ్చారా అని లెక్క చూసుకున్నాడు. బాయి దిగినవాళ్ల అలవాటది.

అందరూ పోయాక టీ గ్లాసులు కడుగుతుంటే వెనక వచ్చి నిలబడ్డాడు. “దాని బలం తగ్గించినవా?” అన్నాడు. “ఒక్క అంకె గూడ తగ్గియ్యలే,” అన్నాను. నిజమే చెప్పాను కనుక ఆయన కళ్లలోకి చూసే చెప్పాను. ఆయనా చూశాడు, ఎన్ని నెలల తరువాతో. “రేపు ఫస్టు షిఫ్టుకు క్యారేజీ కట్టు,” అన్నాడు.

మర్నాడు క్యారేజీ చేతికిచ్చి గేటు దగ్గర నిలబడ్డాను. నేను తూకం వేసినది ముందుగదిలోది, ఆయన పోతున్నది నా లెక్కలకు లొంగనిది. తెల్లవారి వెళ్లిన మనిషి మధ్యాహ్నం సందు మలుపులో కనబడేదాకా నేను చేసిన పని ఏదీ నాకు గుర్తులేదు. కనబడ్డాడు. ముఖమంతా బొగ్గు, పళ్లు మాత్రం తెల్లగా, మామూలుగా నడుచుకుంటూ వస్తున్నాడు. ఏ రెక్కల డ్రాగన్నూ నేను అంత అబ్బురంగా ఊహించలేదు.

ఇప్పుడు ఆ బాయి లేదు. మనుషులు దిగే బాయిలు ఒక్కొక్కటే మూతపడి, పైనుంచి తవ్వే ఓపెన్ కాస్టులు వచ్చాయి, మట్టిగుట్టలు లేచాయి, బ్లాస్టింగు జరిగితే కిటికీ రెక్కలు అదురుతాయి. చిన్నమామ పోయాడు, పక్కింటి అక్కవాళ్లు రిటైరై వాళ్ల ఊరికి వెళ్లిపోయారు. మా ఆయనా రిటైరయ్యాడు, భుజం చలికాలంలో కాస్త గుంజుతుంది, అంతే. నాకిప్పుడు ఏ ఫికరూ లేదు, అది ఎంత భాగ్యమో నాకు తెలుసు. అయినా మీలో బాయి మనిషిని కట్టుకున్నవాళ్లు ఉంటే, ఈ ఒక్క మాట మీకు అర్థమవుతుంది. ఆయన డ్యూటీ చేసినన్నాళ్లూ, షిఫ్టు దిగి ఇంట్లోకి వచ్చిన ప్రతిసారీ, వచ్చాడు అని నా లోపల ఏదో లేచి నిలబడేది, పాతబడని ఆశ్చర్యం అది. ఇప్పుడు పొద్దస్తమానం ఆయన ఇంట్లోనే, టీవీ ముందు కుర్చీలో ఉంటాడు. నేను చీపురు పట్టుకుని, కాళ్లు కాస్త పైకెత్తు అని, కుర్చీని చూసినట్టే చూసి పోతున్నాను.