రీలు మారే అయిదు నిమిషాలు

అరవైల చివర రెండు మూడేళ్ళ పాటు, నెలకు రెండు ఆదివారాలు, తార్నాకలో మధ్యాహ్నం మూడింటికే చీకటి పడేది. దానంతట అది పడేది కాదు, మేమే పడేలా చేసేవాళ్ళం. యూనివర్సిటీ హాస్టళ్ళ నుంచి అడిగి తెచ్చిన నల్ల కంబళ్ళు ఆ చిన్న హాలు కిటికీలకు మేకులతో బిగిస్తే లోపలికి ఎండ వచ్చేది కాదు. గాలీ వచ్చేది కాదు. కాలనీ వాళ్ళు మీటింగులకూ చిన్న చిన్న శుభకార్యాలకూ కట్టుకున్న హాలు అది. ముందు జంఖానాలు, వెనక ఇనప కుర్చీలు, గోడకు తెల్ల దుప్పటి. ఆ దుప్పటి మీద మేం పరాయి దేశాల సినిమాలు చూసేవాళ్ళం.

మొదట్లో లెక్చరర్లూ విద్యార్థులూ మాత్రమే వచ్చేవారు. తర్వాత హాస్టల్ మెస్సు వంటవాళ్ళు, లేబొరేటరీ అటెండర్లు, మాణికేశ్వర్ నగర్ నుంచి వాళ్ళ ఆడవాళ్ళు కూడా వచ్చి జంఖానాల మీద కూర్చోవడం మొదలుపెట్టారు. సినిమాలో వాళ్ళు మాట్లాడేది ఏ భాషో ఎవరికీ తెలియదు. కింద ఇంగ్లీషు అక్షరాలు పరిగెత్తేవి. జంఖానా మీద కూర్చున్న వాళ్ళలో సగం మందికి ఆ అక్షరాలు రావు, వచ్చినవాళ్ళకు అవి అందవు.

అందుకని మా హాల్లో ఒక పద్ధతి ఏర్పడింది. మాకున్నది ఒక్కటే ప్రొజెక్టరు. ఒక రీలు అయిపోయాక లైట్లు వేసి, ఇంకో రీలు ఎక్కించడానికి అయిదు నిమిషాలు పట్టేది. ఆ అయిదు నిమిషాల్లో ఒకరు తెర పక్కన నిలబడి జరిగిన కథంతా, జరగబోయే దాంట్లో కొంచెం, తెలుగులో చెప్పాలి. ఆ చెప్పే మనిషిని నేను.

నేను లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టరు కూతురిని. అప్పుడు ఎమ్మే మొదటి సంవత్సరం. ఇంట్లో గానీ క్లాసులో గానీ నా మాట చివరిదాకా విన్న పాపాన ఎవరూ పోలేదు. అలాంటిది ఈ హాల్లో వందమంది నోళ్ళు మూసుకుని నా వైపు చూసేవారు. ఆ అయిదు నిమిషాల కోసం నేను పదిహేను రోజులు బతికేదాన్ని. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు.

పని కూడా ఒళ్ళు దాచుకోకుండా చేసేదాన్ని. శనివారం సినిమా రీళ్ళ డబ్బాల పెట్టె దిగేది. అందులో కథ టైపు చేసిన ఇంగ్లీషు కాగితం ఒకటి ఉండేది. దాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివి, తెలుగులో నాకు నేనే చెప్పుకునేదాన్ని. తర్వాత ఒక్కో డబ్బా మూత తీసి, రీలు కొసను కిటికీ వెలుతురుకు పట్టి, దాని మీద నంబరు చూసి, అదే నంబరు మూత మీద చాక్‌పీసుతో పెద్దగా వేసేదాన్ని. ప్రొజెక్టరు నడిపే పెద్దాయన ఫిజిక్స్ లేబొరేటరీ అటెండరు. ఆయన చూసేది నా చాక్‌పీసు నంబరు ఒక్కటే.

ఒక ఆదివారం నాకు జ్వరం వచ్చింది. ఒక్కటే ఒక్క ఆదివారం. ఆ రోజు నా బదులు తార్నాక అమ్మాయి ఒకామె చెప్పింది. వాళ్ళది కోస్తా. తండ్రి పెద్ద ఉద్యోగి, ఇంటి ముందు తోట, ఆ అమ్మాయికి కాన్వెంటు ఇంగ్లీషు. నేను కోలుకుని వచ్చేసరికి మెస్సు వంటాయన ఎదురొచ్చి మరీ చెప్పాడు. "పోయినసారి ఆ అమ్మ ఏం జెప్పింది! సిన్మ కంటె ఆమె చెప్పుడే మంచిగున్నది."

ఈ సినిమాలు వేసే ఫిల్మ్ సొసైటీ నడిపే లెక్చరర్ గారు నన్ను పక్కకు పిలిచారు. "చూడమ్మా, ఈసారి కూడా ఆ అమ్మాయినే చెప్పనిద్దాం. నువ్వు డబ్బాల సంగతి చూసుకో. నీ అంత జాగ్రత్త ఎవరికుంది?" అన్నారు. ఈసారి అన్నది ప్రతిసారీ అయింది. జాగ్రత్త నాకు మిగిలింది, తెర పక్కన చోటు ఆమెకు పోయింది.

నేను కుళ్ళుకున్నాను. ఆ మాటకు మర్యాదైన ఇంకో మాట వెతికే ఓపిక ఈ వయసులో నాకు లేదు. నేను కథ చెప్పేదాన్ని, ఆమె అడిగేది. "ఆవిడ అప్పుడెందుకు నవ్విందంటారు?" అని జంఖానా వైపు చూసేది. మాణికేశ్వర్ నగర్ ఆడవాళ్ళు పోటీ పడి జవాబులు చెప్పేవారు. కథ చెప్పమంటే పరీక్ష పెడుతుందేమిటి ఈ మహాతల్లి అని నేను వెనక కుర్చీలో పళ్ళు నూరుకునేదాన్ని. నాకు ముందు వరసలో చోటు పట్టి ఉంచే ముసలమ్మ ఒకామె ఉండేది. ఆమె కూడా జరిగి ఆ అమ్మాయికి చోటిచ్చింది.

పోనీ చెడ్డదా అంటే కాదు. అదే నాకు మింగుడు పడలేదు. "మీరు చెప్పేవారు చూడండీ, అది విని విని నేర్చుకున్నానండీ," అనేది. తిట్టుకోవడానికి పిసరంత సందు దొరకనిచ్చేది కాదు.

ఇదిలా ఉండగా ఇంట్లో నేను నిజం చెప్పలేదు. మా నాయినకు ఇంకా నేనే కథ చెబుతున్నట్టు. ప్రతిసారీ ఎవరు ఏడ్చారో, ఎవరు చప్పట్లు కొట్టారో, ఆ అమ్మాయికి జరిగినవన్నీ నావిగా చేసి చెప్పేదాన్ని. మామూలుగా నా మాట సగంలో వదిలేసే ఆయన, ఈ సంగతులకు బీడీ ఆర్పేసి మరీ వినేవాడు. ఒకనాడు, "ఈ ఐతారం నేను గూడ వస్తా బిడ్డా. నువ్వు జెప్తుంటె ఇనాలె," అన్నాడు. సరేనన్నాను.

ఆ వారమంతా నాకు నిద్ర పట్టలేదు. శనివారం హాలుకు వెళ్ళాను గానీ ఉక్రోషం కొద్దీ డబ్బాల మూతలు కూడా తీయలేదు. పైన అతికించిన చీటీలు చూసి, అవే నంబర్లు చాక్‌పీసుతో గీకేసి వచ్చాను. ఇంగ్లీషు కాగితం ఇంట్లో మరచిపోయాను. మరచిపోయానని ఆ అమ్మాయితో చెప్పాను. నేను చదివేసిన ఆ కాగితం నా పరుపు కింద ఉంది.

"పరవాలేదండీ, చూసి చెబుతాను," అంది ఆమె.

ఆదివారం మా నాయిన ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, జంఖానా మీద రెండో వరసలో కూర్చున్నాడు. మొదటి రీలులో ఒక రొట్టెలవాడు పెళ్ళి చేసుకున్నాడు. లైట్లు వెలిగాయి. మా నాయిన నాకోసం తల తిప్పి వెతికాడు. తెర పక్కకు వేరే పిల్ల నడిచి వెళ్ళింది. ఆయన ఆమెను చూశాడు, వెనక డబ్బాల దగ్గర కూర్చున్న నన్ను చూశాడు, మళ్ళీ ముందుకు తిరిగాడు. నేను భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

"రెండోది ఇదే గదా బిడ్డా?" అని ప్రొజెక్టరు పెద్దాయన అడిగాడు.

"ఇదే," అన్నాను.

ఇది కాదు. రీలు మొదలైన నిమిషానికే నాకు అర్థమైంది. నిన్నగాక మొన్న పెళ్ళయిన పిల్ల, వాళ్ళ దేశంలో విధవలు కట్టే నల్లబట్టలు కట్టుకుని, ఒంటరిగా తెల్లవారుజామున పిండి పిసుకుతోంది. మొగుడు లేడు. కాగితం ప్రకారం అతను పోయేది రెండో రీలు చివర. మా కంటే ముందు ఈ సినిమా చూపించిన ఊరివాళ్ళు రెండో రీలునూ మూడో రీలునూ ఒకదాని డబ్బాలో ఇంకొకటి పెట్టేశారు. నేను శనివారం మూత తీసి ఉంటే తెలిసేది.

ప్రొజెక్టరు నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. లేచి ఆయన భుజం తడితే చాలు, ఆపేసేవాడు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. "మొగడేడి? ఏమైండు?" అని ఎవరో అడిగారు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అన్నీ వచ్చు కదా తల్లీ, ఇప్పుడు చెప్పు చూద్దాం అనుకున్నాను. మా నాయిన ముందర ఆ అమ్మాయి నీళ్ళు నమలాలి. నాకు కావలసింది అదొక్కటే.

రీలు అయిపోయింది. లైట్లు వెలిగాయి. ఆ అమ్మాయి తెర పక్కన నిలబడి నా వైపు చూసింది. నేనూ చూశాను, ఏమీ ఎరగనట్టు. ఆమె జంఖానా వైపు తిరిగింది.

"ఆయన పోయాడండీ. ఎలా పోయాడో మనకింకా చూపించలేదు. మన ఇంట్లో మనిషి పోతే మనమేం చేస్తాం? ఆ మనిషి ఉన్నప్పటి రోజులు తలుచుకుంటాం కదా. ఆవిడా అదే చేస్తుందనుకుంటాను. పిండి పిసుకుతున్న ఆ చేతులను గుర్తుపెట్టుకోండి," అంది.

తర్వాతి రీలులో రొట్టెలవాడు బతికే ఉన్నాడు. పెళ్ళానికి పిండి పిసకడం నేర్పుతున్నాడు. ఆమె అతని ముక్కుకు పిండి రాసి, నువ్వుండగా ఇది నాకెందుకని నవ్వింది. హాల్లో ఒక్కరూ నవ్వలేదు. ఆ చేతులు తర్వాత ఏం చేశాయో అందరూ చూసేశారు. ముందు వరసలో ముసలమ్మ వెక్కిళ్ళు వినబడ్డాయి. మెస్సు వంటాయన భుజం మీది తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది. సగం ఆ పెళ్ళాం కోసం, సగం కోపంతో.

సినిమా అయ్యాక లెక్చరర్ గారు బయట నిలబడి, "ఏం శిల్పమండీ! కాలాన్ని ఎలా ముందుకూ వెనక్కూ తిప్పాడో చూశారా?" అని అందరికీ చెప్పుకొచ్చారు. ఆ శిల్పం గురించి ఆయన క్లాసులో నెల రోజులు పాఠం చెప్పారు.

ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చి, పక్కనున్న మా నాయినకు నమస్కారం పెట్టి, నాతో అంది. "ఇవాళ గండం గడిచిందండీ. ఆ రీలు తప్పు పడిందేమోనని హడలిపోయాను. మీ వైపు చూశాను. మీరు నిమ్మళంగా కూర్చున్నారు. తప్పయితే మీరు ఊరుకోరు కదా! మీ ముఖం చూసే ధైర్యం తెచ్చుకున్నాను."

"కథే అట్ల ఉన్నది," అన్నాను.

నేనూ నాయినా లాలాగూడ వైపు నడిచాం. కొంత దూరం వెళ్ళాక ఆయన నెమ్మదిగా అడిగాడు. "రీలు తప్పే పడ్డది గదా?"

నేను అడుగుల వేగం పెంచాను.

"నీకు ఎర్కనే గదా?"

"నీకెట్ల తెల్సె నాయినా?"

"సిన్మ సంగతి నాకేం తెల్సు. నీ మొఖం సంగతి తెల్సు. చిన్నప్పుడు తమ్ముని పలక దాచిపెట్టి గిట్లనే కూసునేదానివి."

తిడతాడనుకున్నాను. ఇన్నాళ్ళూ అబద్ధం ఎందుకు చెప్పావని అడుగుతాడనుకున్నాను. ఆయన బీడీ తీశాడు, వెలిగించకుండా జేబులో పెట్టుకున్నాడు. "సరే. అసలు కథ ఏందో మొదటికెళ్ళి సక్కగ చెప్పు. నువ్వు చెప్తుంటె ఇననీకే గదా నేనొచ్చింది," అన్నాడు.

చెప్పాను. రోడ్డు వెంట, సైకిళ్ళను తప్పుకుంటూ, పెళ్ళి నుంచి చివరి దాకా వరసగా, ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. అంత బాగా నేనెప్పుడూ చెప్పలేదు. క్వార్టర్ల దగ్గరికి వచ్చేసరికి నా గొంతు బొంగురుపోయింది. ఆయన ఆగాడు.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా," అన్నాడు. తర్వాత, నా మనసు నొచ్చుకుంటుందని తెలిసి కూడా, అబద్ధమాడలేక అన్నాడు. "గని ఆ పిల్ల చెప్పిందే మంచిగున్నది."

ఇప్పటికీ ఎవరికైనా ఆ సినిమా కథ చెప్పాల్సి వస్తే, మొగుడు పోయిన తర్వాతే పిండి పిసకడం నేర్పించిన సంగతి చెబుతాను. వినేవాళ్ళు ప్రతిసారీ ఏడుస్తారు. ఆ వరస ఎవరిదో మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.