సూది చేతిలో ఉంటేనే చెప్పిన కథలు

ఉక్కు కర్మాగారం కోసం ఊళ్లు ఖాళీ చేయిస్తున్న రోజులవి. నేను టెలిఫోన్ ఆపరేటర్‌ని. మద్దిలపాలెంలో ఒక గది అద్దెకు తీసుకుని ఒక్కదాన్నే ఉండేదాన్ని. పగలంతా ఎవరెవరివో గొంతులు వినేదాన్ని గానీ, గదికొస్తే పలకరించే మనిషి లేదు. సాయంత్రాలు పాత చీరలతో బొంతలు కుట్టుకునేదాన్ని. ఆదివారాలు ఆ ఊళ్లకు వెళ్లి, మొదట ఎవరొచ్చి కాపురం పెట్టారో, నుయ్యి ఎవరు తవ్వించారో అడిగి రాసుకునేదాన్ని. నన్నెవరూ రాయమనలేదు. ఊరితోపాటు దాని సంగతులు కూడా పోతాయేమోనని నా తాపత్రయం. రాత ముదిరేసరికి కుట్టు మూలపడింది. ఉన్న తీరిక ఒక్కదానికే సరిపోయేది.

ఒక ఊళ్లో ఒంటరిగా ఉండే ముసలమ్మ నా కలం చూడగానే బిగుసుకుపోయింది.

"ఊరే పోతంటే ఇప్పుడు కతలేటమ్మా నీకు?" అంది. ఎప్పుడో సగంలో ఆపేసి సంచిలోనే వదిలేసిన నా బొంత గుడ్డ వేలాడుతుంటే చూసి, "అదేటి, బొంతా? అయితే కుట్టుకో. నువ్వు రాత్తంటే నాకు నోరు పెగల్దు."

ఆ రోజు నుంచి నేను కుడుతూ వినేదాన్ని. ఆవిడ తన చిరుగుల చీర చింపి ముక్కలందిస్తూ చెప్పేది. తిరుగు బస్సులో గుర్తున్నంత రాసుకునేదాన్ని. సగం మర్చిపోయేదాన్ని. అయినా ఏ ఆదివారమూ మానలేదు.

ఒకసారి వెళ్లేసరికి ఆ ఇంటికి కప్పు లేదు. ఆవిడ అప్పటికే పునరావాస కాలనీకి వెళ్లిపోయిందని పక్కింటాయన చెప్పాడు. గోడ నీడన చాలాసేపు కూర్చున్నాను. సంచి విప్పబుద్ధి కాలేదు.

ఆ ఊరి మీద నేను రాసిన వ్యాసం ఒక చిన్న పత్రికలో అచ్చయింది. ఎవరికి చూపించాలో తోచలేదు. కాలనీలో వెతుక్కుంటూ ఆవిడ దగ్గరకే వెళ్లి చదివి వినిపించాను.

"నుయ్యుంది, కరణమున్నాడు, అమ్మోరి పండగుంది," అంది మెల్లగా. "నాను లేనేటమ్మా ఇందులో?"

"వచ్చే ఆదివారం వస్తాను. మీ గురించి చెప్పండి," అన్నాను.

"ఆదివారం దాకా ఉండన్తల్లీ. కూతురు రాయగడ తీసుకెల్లిపోతంది."

ఆ ఆదివారం గదిలోనే ఉండిపోయాను. ఆవిడ గురించి రాద్దామని కూర్చుంటే, చీర చింపే చేతులు, పళ్లతో దారం తెంపే తీరు, నవ్వితే వచ్చే దగ్గు, అంతే తెలుసు. అవే రాశాను. పేజీ కూడా నిండలేదు. దాన్ని ఏ పత్రికకూ పంపలేదు.