వంటమాస్టరు నాలుక

ఆసుపత్రిలో ఆమెను అందరూ వద్దుల మేడమ్ అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. పంతొమ్మిదేళ్లుగా డైటీషియన్ ఉద్యోగం. రోగి ఎదురుగా కూర్చోగానే సొరుగులోంచి అచ్చుకాగితం తీయడం, తినకూడని వాటికి ఎర్ర పెన్నుతో టిక్కులు పెట్టడం, తర్వాతి మనిషిని పిలవడం. మంచి మనిషే. కాకపోతే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. కాగితం ప్రకారం తింటే జబ్బు తగ్గాలి. తగ్గలేదంటే రోగి అబద్ధమాడుతున్నట్టే. నిజం చెప్పొద్దూ, చాలామంది ఆడతారు కూడా.

ఆ ఉదయం వంటమాస్టరు మీద ఆమెకు కోపం వచ్చింది అందుకే. ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో రోజూ నాలుగు వందల మందికి వండే మనిషి. బీపీ వల్ల కిడ్నీలు దెబ్బతింటున్నాయి. ఉప్పు తగ్గించకపోతే రెండేళ్లలో డయాలసిస్ తప్పకపోవచ్చని డాక్టరు చెప్పేశారు. మొదటి నెల బీపీ దిగింది. మూడో నెలకు మళ్లీ ఎక్కి కూర్చుంది.

"ఇంట్లో ఉప్పు డబ్బా అటకెక్కించేశానమ్మా. నా చేత్తో చప్పిడి కూడే పెడుతున్నా," అంది పక్కనున్న భార్య.

"మరి ఉప్పు గాల్లోంచి వస్తోందా?" అంది మేడమ్.

మాస్టరు తలొంచుకుని, చొక్కా జేబులోంచి చిన్న పొట్లం తీసి బల్లమీద పెట్టాడు. విప్పి చూస్తే ఉప్పు.

"మొదటి నెల మీరు చెప్పినట్టే తిన్నానమ్మా. దాంతో నా నాలుక మారిపోయింది. క్యాంటీన్ కూరలో చిటికెడేస్తేనే ఎక్కువైనట్టుండేది. సరిపోయిందనుకుని దించేసేవాణ్ణి. జనం కూర వదిలేసి లేచిపోయారు. మేనేజరు పిలిచి, వయసైపోయిందా మాస్టరూ అన్నాడు. ఇక లాభం లేదని మళ్లీ ఉప్పు తిని నాలుకని దారికి తెచ్చుకున్నా."

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా?"

"మీరు అడగలేదుగా."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే మరీ గుచ్చుకుంది. ఏం తింటున్నారని వేలమందిని అడిగిందే గానీ, మీ బతుకులో ఆ తిండికి ఏం పని ఉంది అని ఒక్కరినీ అడిగిన పాపాన పోలేదు. ఆమెకు సిగ్గేసింది.

కాగితం పక్కకు తోసి, "ఉప్పు తగ్గకపోతే కిడ్నీలు నిలవవు. అది నేను మార్చలేను. ఎలా తగ్గించాలో మాత్రం ఇద్దరం కలిసి ఆలోచిద్దాం. ఉప్పు తూచి వేస్తే?" అంది.

మాస్టరు నవ్వాడు. "టమాటా ఒకరోజు పులుపు, ఇంకోరోజు తీపి. తూకానికి అదేం తెలుసమ్మా?"

"ఆ ఉద్యోగం మానేస్తే పోలా!" అంది భార్య. చెంపదెబ్బ తిన్నట్టు చూశాడు మాస్టరు. ఇదివరకైతే మేడమ్ ఆవిడకు వంతపాడేదే. ఈసారి నోరు మూసుకుని కూర్చుంది. బయట వరుసలో జనం విసుక్కుంటున్నారు. అయినా కూర్చుంది.

చివరికి మాస్టరే ఓ దారి చెప్పాడు. "నా కింద రెండో వంటవాడున్నాడు. పన్నెండేళ్లుగా అన్నీ నేర్పా. ఉప్పు చూడ్డం మాత్రం ఎప్పుడూ వాడికి వదల్లేదు. అది వదిలేస్తే నా నాలుకతో పనుండదు. వంట నాది, ఉప్పు వాడిది."

"వదలగలరా?"

"ఏమో. మూడు నెలలు చూద్దాం. నా వల్ల కాకపోతే వచ్చి చెప్తా. తిట్టకూడదు మరి."

"తిట్టను," అంది మేడమ్. ఆయన అన్న మాటల్నే తెల్లకాగితం మీద రాసి ఇచ్చింది.

మూడు నెలలకు వచ్చాడు. బీపీ దిగింది. కిడ్నీలు ఇంకా దెబ్బతినకుండా నిలబడ్డాయి. మేడమ్‌కు పట్టరాని సంతోషం. మాస్టరు మొహంలో మాత్రం కళ లేదు.

"వాడు నాకన్నా ఓ చిటికెడు ఎక్కువే వేస్తాడట. నేను చూడ్డం లేదుగా, వాడే చెప్పాడు. నాలుగు వందల మందిలో ఒక్కరంటే ఒక్కరు తేడా కనిపెట్టలేదమ్మా," అన్నాడు.

ఆరోగ్యమే మహాభాగ్యం అన్న మాట మేడమ్ నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"పద్ధతి మార్చుకుందామా మాస్టరుగారూ? మాటవరసకి కాదు, నిజంగానే అడుగుతున్నా."

ఆయన భార్య వంక చూశాడు. ఆవిడ చేతులు ఒళ్లో బిగించుకుని, ఔననీ కాదనీ అనకుండా కూర్చుంది.

"ఇలాగే సాగనివ్వండమ్మా," అన్నాడు మాస్టరు. "నాకు బాధ లేదని మాత్రం రాసుకోకండి."