మామ్మ వేలిముద్ర, నా సంతకం

మొన్న ఆదివారం ఆరాధన అయిపోయాక మా కొత్త పాస్టరు అయ్యగారు ప్రకటనల కాగితం చేతిలోకి తీసుకున్నప్పుడు నేను కళ్ళజోడు తుడుచుకుంటూ సగం చెవే అటు పడేశాను. ఏళ్ళ తరబడి వింటున్న ప్రకటనలే కదా, బుధవారం స్త్రీల సమాజం ప్రార్థన ఫలానా వారింట్లో, శనివారం యువకులంతా సమాధుల తోటలో గడ్డి కోయాలి, పాటల సాధనకి ఆలస్యంగా వచ్చేవారు ఇకనైనా వేళకి రావాలి, వచ్చే నెల రెండో ఆదివారం కోత పండుగ, ఎవరి పంటలో మొదటి భాగం వారు తేవాలి. అన్నీ అయ్యాక ఆయన కాగితం వెనక్కి తిప్పి ఇంకో మాట చదివారు. కోత పండుగ నాడు పూర్తి సభ్యత్వం తీసుకోదలచినవారు వారంలోగా పేర్లివ్వాలట, నాలుగు శనివారాలు తరగతి ఉంటుందట, పాత రిజిస్టరు అంచులు రాలిపోతున్నాయి గనుక అందులోని పేర్లన్నీ ఆయన కంప్యూటరులోకి ఎక్కిస్తున్నారట.

నా పక్కన కూర్చున్నది మా అమ్మాయి కూతురు, అమలాపురంలో డిగ్రీ చదువుతోంది. నా మోచేతిని పొడిచి, "పుట్టినప్పట్నించీ ఈ గుడికే వస్తున్నాను కదా అమ్మమ్మా, మళ్ళీ పేరివ్వడం దేనికి?" అంది. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో పాఠాలు చెప్పినదాన్ని, అయినా ఆ పూట తర్వాత చెబుతానని దాటేశాను. ఎందుకంటే ఆ రిజిస్టరులో ఒక పేజీలో నా సంతకం ఉంది, దాని తర్వాతి పేజీలో మా మామ్మ వేలిముద్ర ఉంది. ఆ వరస తప్పని తెలిసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను.

మాది ముమ్మిడివరం దగ్గర కాలవ గట్టు మీది పల్లె. చుట్టుపక్కల ఏ ఊరు చూసినా వేరే మిషన్ల గుళ్ళే ఎక్కువ, మెథడిస్టులం మేము గుప్పెడు మందిమి. పెళ్ళిసంబంధాలకి వచ్చినవాళ్ళు సైతం మెథడిస్టులంటే మీ పద్ధతులేమిటండీ అని అడిగేవారు, మా నాన్న ఓపిగ్గా, కొంచెం గర్వంగా కూడా చెప్పేవారు. ఆ రోజుల్లో మా గుడి అంటే తాటాకు కప్పు, సున్నం కొట్టిన మట్టిగోడలు, ముందు ఒక చిన్న వసారా. నెలకోసారి సంస్కారపు ఆదివారం వచ్చేది, బల్ల మీద తెల్లగుడ్డ పరచి రొట్టె, ద్రాక్షరసం పెట్టేవారు. పూర్తి సభ్యులు కానివారు అప్పుడు లేచి బయటికి వెళ్ళాలి. పిల్లలం మాకదే పండగ, తోసుకుంటూ బయటపడేవాళ్ళం. మాతోపాటు పెద్దవాళ్ళలో ఒక్క మనిషే లేచి వచ్చేది, ఆవిడే మా మామ్మ, మా నాన్నను కన్నతల్లి.

చిత్రమేమిటంటే ఆ తెల్లగుడ్డ ఉతికేది మామ్మే. శనివారం పొద్దున్నే కుంకుడు పులుసులో నానబెట్టి, కాలవలో జాడించి, కాస్త నీలిమందు చూపించి, ఆరాక ముడత లేకుండా మడతపెట్టి అయ్యగారింటికి తీసుకెళ్ళి ఇచ్చేది. మర్నాడు ఆ గుడ్డ పరిచిన బల్ల దగ్గరికి ఊళ్ళోవాళ్ళంతా వెళ్తుంటే, ఆవిడ వసారా రాటకి ఆనుకుని, మమ్మల్ని అల్లరి చేయొద్దని కసురుతూ, మధ్యమధ్య తలుపు సందులోంచి లోపలికి చూస్తూ నిలబడేది. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ అంతే. ఎందుకలా అని మా అమ్మని అడిగితే, మీ మామ్మ నోట్లో చుట్ట ఉంది కదా, అందుకే అని నవ్వేసింది.

ఆ చుట్ట సంగతి నా ఈడువాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ ఈ కాలం పిల్లలు నమ్మరు. నాట్లకు వెళ్ళే ఆడవాళ్ళు చాలామంది చుట్ట నిప్పున్న కొసని నోటి లోపలికి పెట్టుకుని కాల్చేవారు. చేతులు రెండూ బురదలో ఉంటాయి, పైన వాన కురుస్తుంటుంది, నిప్పు లోపలుంటే ఆరదు. మామ్మ అలా కాలుస్తూనే మాట్లాడేది, పాటలు పాడేది, తిట్టాల్సినవాళ్ళని తిట్టేది. మా సంఘం కట్టుబాటు ప్రకారం సారా, పొగాకు మానినవారికే పూర్తి సభ్యత్వం. మానేశామని అందరి ముందూ మాటిచ్చి చేరిపోయి, పొద్దుగూకేసరికి చాటుగా ఎటో వెళ్ళొచ్చే మగమహారాజులు ఊళ్ళో ఉండనే ఉన్నారు, ఎవరూ పైకి అనేవారు కారు. నువ్వూ అలాగే చేరిపోరాదా అని మామ్మకి సలహా చెప్పినవాళ్ళూ ఉన్నారు. మానకుండా మానేనని ఎలా చెప్తానర్రా అని ఆవిడ ఇంకో చుట్ట ముట్టించుకునేది.

నాకు పదిహేనేళ్ళు వచ్చిన ఏడు నన్ను సభ్యత్వపు తరగతికి పంపిస్తామని నాన్న పేరిచ్చి వచ్చారు. ఆ సాయంత్రం మామ్మ ఉన్నట్టుండి తన పేరు కూడా ఇచ్చి రమ్మంది. నాన్న నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయారు. "ఇదీ లోపలికెళ్ళిపోతే వసారాలో నేనెవర్ని కసురుకోన్రా," అని ముందు వేళాకోళం చేసింది, తర్వాత గొంతు తగ్గించి, "ఒక్కమాటు ఆ బల్లకాడ మోకాలేసి తినాలనుందిరా అబ్బాయ్," అంది. అంత పెద్ద మనిషి నోటి వెంట కోరిక అంటూ ఒకటి రావడం నేను వినడం అదే మొదలు.

తరగతిలో అయ్యగారు పెట్టిన షరతు ఒకటుండేది. ఒక సువార్త పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదవాలి, చదువు రానివారు ఎవరిచేతనైనా చదివించుకుని వినాలి. మామ్మకి చదివి వినిపించే పని సహజంగానే నా మీద పడింది, చదివితే ఇద్దరికీ ఒకేసారి అయిపోతుందని నేనూ సంబరపడ్డాను. రోజూ పొద్దువాలే వేళ అరుగు మీద కూర్చునేవాళ్ళం. మామ్మ చుట్ట మానే ప్రయత్నంలో ఉండి చిరాగ్గా ఉండేది, అయినా నేను చదువుతుంటే కళ్ళు మూసుకుని, ఊఁ కొడుతూ, కదలకుండా వినేది. నాకేమో ఆ వేళకే స్నేహితురాళ్ళు కాలవ గట్టున తొక్కుడుబిళ్ళ ఆడుతూ కేకలేసేవారు. నాలుగో రోజున అనుకుంటాను, రెండు కాగితాలు ఒకేసారి తిప్పేశాను. కథ అతక్కపోతే నా సొంత మాటలు రెండు కలిపి అతికించాను. మామ్మ ఊఁ అంది. అక్షరం ముక్క రాని మనిషికి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను, ఆ మాట రాయడానికి ఇవాళ సిగ్గుగా ఉంది గానీ అనుకున్నది అదే. ఆ తర్వాత రోజూ అలాగే కాగితాలు దాటేస్తూ పోయాను, నెల పట్టవలసిన చదువు పన్నెండు రోజుల్లో ముగిసింది.

కోత పండుగ వచ్చింది. గుడి గుమ్మానికి వరికంకుల కుచ్చులు, లోపల కొబ్బరి గెలలు, అరటి గెలలు, కంద దుంపలు, బూడిద గుమ్మడికాయలు, ఒక ముసలాయన తెచ్చిన కోడిపుంజు ప్రసంగం మధ్యలో తాడు తెంపుకుని పాటల పుస్తకాల మీదికి ఎగిరి కూర్చోవడం, అన్నీ నిన్నటిలా ఉన్నాయి. కొత్తగా చేరేవాళ్ళం ఆరుగురం ముందు వరసలో నిలబడ్డాం. అప్పట్లో ప్రశ్నలు ఒక్కొక్కరినీ విడిగా అడిగేవారు, జవాబు గుడంతా వినపడేలా చెప్పాలి. సువార్త పూర్తిగా చదివావా అని అయ్యగారు నన్నడిగారు. "ఆయ్, చదివేనండి," అన్నాను. నా పక్కనే మామ్మ. పొగాకు మానేశావా అమ్మా అని ఆవిడనడిగారు.

మామ్మ పైట సర్దుకుంది. "లేదండి అయ్యగారూ. మూడు వారాలు మానేనండి. మొన్న లక్ష్మివారం కోతల్లో ఒకటి కాల్చేనండి," అంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అయ్యగారు మంచివారు, ఇక మీదట కాల్చనని ఒక్క మాట చెప్పమ్మా, చాలు అని దారి చూపించారు. మామ్మ కాసేపు నిజంగానే ఆలోచించి, ఆ మాట చెప్పడానికి తనకింకా ధైర్యం చాలదని చెప్పి, ఎవరూ పొమ్మనకుండానే నడుచుకుంటూ వసారాలోకి వెళ్ళిపోయింది. నేను రిజిస్టరులో సంతకం పెట్టి, ఆవిడ ఉతికిన గుడ్డ మీది రొట్టె తీసుకుని తిన్నాను.

ఇంటికి వెళ్ళేటప్పుడు గట్టు మీద అందరినీ ముందు నడవనిచ్చి మామ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "రేపట్నించి మళ్ళీ మొదట్నించి చదువే. ఈమాటు ఒక్కో కాయితమే తిప్పు. రెండు కలిపి తిప్పితే చప్పుడు వేరేగా ఉంటాది," అంది. అన్ని రోజులూ తెలిసి కూడా ఊఁ కొట్టిందన్నమాట. అక్కడే నిలబడి ఏడ్చాను. ఆవిడ చెంగుతో నా మొహం తుడిచి, "నేనెవరికీ చెప్పన్లే. చెప్పుకోవాల్సింది నువ్వు," అని ముందుకి నడిచింది.

ఆ ఏడాది మామ్మ పట్టుదల చూసినవాళ్ళు ఇప్పుడు ఊళ్ళో లేరు. చుట్ట జ్ఞాపకం వచ్చినప్పుడల్లా వేయించిన చింతపిక్క ఒకటి బుగ్గన పెట్టుకునేది, ఏమమ్మా పళ్ళూడతాయి అని తోటివాళ్ళు ఆటపట్టిస్తే ఉన్నవే నాలుగు కదర్రా అనేది. చివరి చుట్ట ఒకటి ముట్టించకుండా మా ఇంటి చూరులో దోపి, రోజూ పనికి పోతూ దాన్నొకసారి తేరిపార చూసి వెళ్ళేది. నేను ఒక్కో కాగితం తిప్పుతూ సువార్త మొత్తం చదివాను. ఈసారి నిజంగానే నెల పట్టింది, దాటేసిన పేజీల దగ్గరికి వచ్చినప్పుడల్లా మామ్మ కళ్ళు తెరిచి, ఇది కొత్తగా ఉందే అని నవ్వేది.

మరుసటి కోత పండుగకి ఆవిడ ఒక గుమ్మడికాయతో పాటు ఆ చుట్టనీ తెచ్చి బల్ల ముందు పెట్టింది. ప్రశ్న పూర్తికాకుండానే, "ఆయ్, మానేనండి. ఇక ముట్టనండి," అంది. అయ్యగారు చుట్టని ఏం చెయ్యాలో తెలియక జేబులో వేసుకుంటే గుడంతా గొల్లున నవ్వింది. రిజిస్టరులో వేలిముద్ర వేశాక మామ్మ బల్ల దగ్గర మోకాళ్ళు వేసింది. రొట్టె కోసం చెయ్యి చాపబోయి ఆగి, తెల్లగుడ్డ అంచున ఒక చిన్న ముడత కనిపిస్తే అరచేత్తో సాఫు చేసి, అప్పుడు చాపింది. నా జీవితంలో నేను చూసిన గొప్ప దృశ్యం ఏదని అడిగితే అదే చెబుతాను.

నేను మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటుండగానే అయ్యగారికి బదిలీ అయింది, మా సంఘంలో కొన్నేళ్ళకోసారి మార్చడం మామూలే, కొత్తాయనకి కొత్తలోనే ఏం చెబుతాం అనుకున్నాను. ఆ తర్వాత ఉద్యోగం, ఉప్పలగుప్తంలో కొన్నేళ్ళు, ఇంకెక్కడో కొన్నేళ్ళు, పెళ్ళి, పిల్లలు. మామ్మ సమాధుల తోటకి వెళ్ళిపోయింది. ఆదివారపు బడి నడిపాను, స్త్రీల సమాజానికి పెద్దగా ఉన్నాను, నాలాంటి విశ్వాసి లేదని పొగిడించుకున్నాను కూడా.

అందుకే మొన్న మనవరాలిని వసారాలో కూర్చోబెట్టి తిన్నగా అయ్యగారి దగ్గరికి వెళ్ళాను. రిజిస్టరు చూపించమని, నా సంతకం మీద వేలు పెట్టి, జరిగింది చెప్పి, కోత పండుగకి కొత్తవాళ్ళతోపాటు నేనూ వరసలో నిలబడతానన్నాను. ఆయన మా అబ్బాయి ఈడువాడు, కంగారుపడిపోయారు. "మీరు సంఘానికి పెద్దలండీ. ఇన్నేళ్ళ తర్వాత ఎవరడిగేరండీ ఇవన్నీ?" అన్నారు. ఎవరూ అడగలేదు గనుకనే చెబుతున్నానన్నాను. పైవారిని కనుక్కోవాలన్నారు. కనుక్కోండి, నేను మాత్రం శనివారం తరగతికి వస్తానన్నాను. ఇప్పుడు ప్రశ్నలు అందరికీ కలిపే అడుగుతున్నామండీ, అందరూ ఒకేసారి ఆయ్ అంటారు అని చెప్పారు. నన్ను విడిగా అడగమన్నాను. ఆయన తల గోక్కుని, చివరికి నవ్వి, నా పేరు కాగితం మీద రాసుకున్నారు.

దారిలో మనవరాలికంతా చెప్పాను. తను పేరిస్తుందో లేదో ఇంకా తేల్చుకోలేదు, నేనూ అడగలేదు, అది దాని జవాబు. కానీ సాయంత్రాలు నేను సువార్త చదువుతుంటే వింటానంది, కళ్ళకి శ్రమ ఎందుకు అమ్మమ్మా, ఫోనులో పెద్ద అక్షరాలతో ఉంటుంది అని తెరిచి చేతికిచ్చింది. మా కాలవ గట్టు సిమెంటు రోడ్డయింది, తాటాకు గుడి మేడయింది, చుట్టలు కాల్చే ఆడవాళ్ళు ఒక్కరూ లేరు, సంస్కారపు బల్ల మీది గుడ్డ ఉతకనక్కర్లేని రకం. వీటిలో దేనికీ నాకు పెద్ద బాధ లేదు. ఆ ఫోను మీద వేలితో ఒకసారి జరిపి చూశాను, మళ్ళీ రెండుసార్లు గబగబా జరిపి చూశాను. ఎన్ని పేజీలు దాటినా చప్పుడు లేదు. ఫోను దాని చేతికి తిరిగిచ్చేసి, బీరువా పైనున్న పాత పుస్తకం దింపి, దుమ్ము దులిపి, మొదటి కాగితం ఒక్కటే తిప్పాను.