బాణం లేని పండుగ మాట

ఈ మధ్య స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కించడం మానేశారు. మా వంటింట్లో మూడు గిన్నెలు ఎవరివో మాకే తెలియదు. అడిగేవాళ్లూ లేరు.

నా చిన్నప్పుడు లాల్‌దర్వాజా గల్లీలో ఏ గిన్నె ఎవరిదో గిన్నే చెప్పేది. ఒక ఏడాది ఎదురింటి ఆంటీ పేరున్న గిన్నె మా ఇంట్లో చిక్కుకుపోయింది. బోనాలప్పుడు నల్లా కింద ముందు బిందె పెట్టింది ఎవరన్న చిన్న విషయం మీద అమ్మకూ ఆంటీకీ మాటలు ఆగిపోయాయి. వట్టి గిన్నె వాపసు పంపకూడదు. నింపి పంపితే ఓడిపోయినట్టు. గిన్నె అల్మారా ఎక్కింది. వాళ్లమ్మాయి నాకున్న ఒక్క స్నేహితురాలు. మా ఆటలు కూడా అల్మారా ఎక్కాయి.

క్రిస్మస్ దగ్గరపడింది. వాళ్ల గుమ్మానికి కాగితపు నక్షత్రం వేలాడింది. సాయంత్రాలు దాని ఎర్రటి వెలుగు గల్లీ దాటి వచ్చి నా పుస్తకం మీద కూర్చునేది. వెనకే నూనెలో గులాబీ పువ్వుల పిండివంట వేగే వాసన. వాటికి నల్లా లొల్లి తెలియదు.

"ఆమె పలకరిస్తే నేను పలకరియ్యనా" అనేది అమ్మ. ఆంటీ కూడా ఇదే అంటోందని గల్లీ అంతా చెప్పింది.

కాలేజీలో తర్కశాస్త్రం చదివే పక్కింటి అక్కకు నా గోడు చెప్పుకున్నాను. ఆమె నా నోటుబుక్కులో అమ్మ పలకరింపుకు 'క', ఆంటీ పలకరింపుకు 'గ' రాసి, అటొక బాణం, ఇటొక బాణం గీసింది.

"ఇది అయితే అది, అది అయితే ఇది. ఇద్దరి మాటా నిజమే. నూరేండ్లు నోరు మూసుకున్నా గిట్లనే నిజం. తర్కంల తప్పు లేదు, పండుగనే లేదు."

"మరెట్ల అక్కా?"

"బాణం లేని అక్షరం ఒక్కటి కావాలె. ఎవరో ఒకరు షరతు లేకుండ, ఊకెనే చెప్పాలె."

పండుగ పొద్దున అల్మారాలోంచి గిన్నె దించి తెస్తే, అక్క దాన్ని చక్కెరతో నింపింది. గల్లీ ఆరడుగులే. పొద్దుటి పొగమంచులో దాన్ని దాటడానికి నాకు చాలాసేపు పట్టినట్టు గుర్తు.

"హ్యాపీ క్రిస్మస్ ఆంటీ" అన్నాను. ఎవరు పంపారని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. గిన్నె మీది తన పేరును బొటనవేలితో తుడిచింది. వట్టిది పంపకూడదు కదా, గులాబీ పువ్వులతో నింపి తనే మా గుమ్మం దాకా వచ్చింది.

"పండుగ, వదినా" అంది.

అమ్మ ముందు గిన్నెను చూసింది, తర్వాత నన్ను చూసింది. ఆ రెండో చూపు గురించి చెప్పను. "లోపలికి రా వదినా, చాయ్ పెడ్త" అంది. ఆ మాట పూర్తయ్యేసరికి నేను ఎదురింట్లో, నా స్నేహితురాలి దగ్గర ఉన్నాను. నల్లా విషయం ఇప్పటికీ తేలలేదు.

అప్పటినుంచి పండుగ మాటకు బాణం గీయకూడదన్నదే నా నమ్మకం. మొన్న మనవరాలికి ఇదంతా చెప్పాను. బుద్ధిగా విన్నది.

"మరి నీ చెల్లెకు ఫోన్ చెయ్యక రెండేండ్లాయె గదా, అమ్మమ్మా" అంది.