మిస్త్రీ తాగేసిన డికాక్షన్

పొద్దున ఆఫీసుకు వెళ్లేముందు ఫిల్టర్లో డికాక్షన్ వేసి వెళ్లాను. ఇంట్లో మిగిలిన ఆఖరి కాఫీపొడి అది. సాయంత్రం గార్డెన్ రీచ్‌లోని ఆఫీసు నుంచి బస్సులో నిలబడి, హౌరా టికియాపారాలో ఇల్లు చేరేసరికి ఒంట్లో ఓపిక లేదు. పాలు కాచి ఫిల్టర్ తెరిస్తే అడుగున చుక్క లేదు!

మా అత్తగారు హౌరాలోనే పుట్టి పెరిగిన మనిషి, టీ తప్ప ఎరగరు. నెమ్మదిగా చెప్పారు: "కుళాయి బాగుసేయడానికి మిస్త్రీ వచ్చినాడు. నల్ల టీ అనుకుని ఆడికి గ్లాసులో పోసీసినానమ్మా. మొత్తం తాగీసి, 'మాసీమా, ఇది ఏ రోగానికి మందు?' అని అడిగినాడు."

కోపం తెచ్చుకునే శక్తి కూడా లేక కుర్చీలో కూలబడ్డాను. ఆవిడ అల్లం టీ పెట్టి తెచ్చి నా పక్కనే కూర్చున్నారు.

"రేపు పొడి కొనుక్కురా. రోజూ అంత కష్టపడి దించుకుంతావు, అందులో ఏటుందో నాకూ ఓ గుక్క పొయ్యి" అన్నారు.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ కాఫీ అడగడం ఇదే మొదటిసారి. టీ మీదే బతికిన మనిషి మళ్లీ టీకి పారిపోకుండా, ఆ మొదటి గుక్క ఎలా కలపాలో తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.